ఖాకీ విప్పాక: జెండాలు, గుర్తులు, ఊరేగింపులు

ఎస్సైగా చేరి డీఎస్పీగా దిగిపోయినవాణ్ణి. ఇప్పుడు ఏడాదిలో ఆరు నెలలు మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి దగ్గర, ఆరు నెలలు ఇక్కడ. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుకని గట్టు తగాదాలు, పాస్‌పోర్టు ఎంక్వైరీల ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేశాను. రాసినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

అన్నగారూ, మా అబ్బాయి మెల్‌బోర్న్ దగ్గర టార్నీట్‌లో ఇల్లు కొన్నాడు. వచ్చే నెల గృహప్రవేశం. గడపకు పసుపు రాసి స్వస్తిక్ వేస్తానంటే వాడు ఒద్దంటే ఒద్దంటున్నాడు. అక్కడ ఆ గుర్తు వేస్తే జైల్లో పెడతారట. వాట్సాప్‌లో కూడా వచ్చింది. నిజమేనా? – ఒక తల్లి, తెనాలి

అమ్మా, నిక్షేపంగా పసుపు రాయండి, స్వస్తిక్ వేయండి. దాని కోసం పోలీసులు ఎవరూ రారు.

మీ అబ్బాయి భయం పూర్తిగా గాలి కబురూ కాదు. మెల్‌బోర్న్ ఉన్నది విక్టోరియా రాష్ట్రంలో. నాజీ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడాన్ని ఆస్ట్రేలియాలో మొదట నేరం చేసిన రాష్ట్రం అదే. 2022లో చట్టం చేశారు, ఆ ఏడాది డిసెంబర్ 29 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాది దాకా జైలు, లేదా అప్పటి లెక్కన దాదాపు 22 వేల డాలర్ల జరిమానా, లేదా రెండూ. వాట్సాప్‌లో తిరిగేది ఈ సగమే. మిగతా సగం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. హిందువులు, బౌద్ధులు, జైనులు తమ మతాచారంగా వేసుకునే స్వస్తిక్‌కు ఈ నేరం వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. నిషేధించిన గుర్తును స్వస్తిక్ అని కూడా అనలేదు. హాకెన్‌క్రాయిట్స్ అనే జర్మన్ మాట వాడారు, కొక్కేల శిలువ అని దాని అర్థం. హిట్లర్ పార్టీ 1920లో పెట్టుకున్న జెండా ఎర్రది, మధ్యలో తెల్లటి వృత్తం, అందులో ఒక పక్కకు వాలి నిలబడ్డ నల్లటి గుర్తు. మీరు వేసేది పసుపు మీద కుంకుమతో, నిటారుగా, నాలుగు గళ్లలో నాలుగు చుక్కలతో. కొత్త కారు బానెట్ మీద పురోహితుడు వేసేది, మీ వీధిలో కిరాణా కొట్టాయన దసరాకు ఖాతా పుస్తకం మొదటి పేజీలో వేసేది కూడా అదే కదా.

ఆ మినహాయింపు ఊరికే రాలేదు. 2007లో జర్మనీ ఈ గుర్తును ఐరోపా మొత్తంలో నిషేధించాలని ఒక ప్రతిపాదన తెస్తే బ్రిటన్‌లో ఉన్న హిందువులు గట్టిగా అడ్డం తిరిగారు, అది వెనక్కి పోయింది. విక్టోరియాలో మన సంఘాల వాళ్లు చట్టాన్ని సమర్థిస్తూనే మాట విషయంలో పట్టుబట్టారు. తెలివైన పని అది. చట్టానికే అడ్డుపడి ఉంటే యూదుల బాధకు ఎదురు నిలబడ్డట్టయ్యేది.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా అల్లుడి కొత్త కారుకు గుడిలో పూజ చేయించి, ఆ కుంకుమ స్వస్తిక్‌తోనే షాపింగ్ సెంటరుకు వెళ్లాం. పార్కింగ్‌లో ఒక పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, ట్రాలీ తోసుకుంటూ వచ్చి బానెట్ ముందు ఆగిపోయాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నాకు గుండె ఝల్లుమంది. "టెంపుల్, న్యూ కార్, బ్లెస్సింగ్" అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. తలూపి వెళ్లిపోయాడు. ఆయన మొహంలో అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. ఎక్కడ పుట్టాడో, ఆ గుర్తు కింద ఎవర్ని పోగొట్టుకున్నాడో నాకేం తెలుసు?

అందుకని నా సలహా ఇది. గడప మీద, పూజ గదిలో, పాలు పొంగించే పొయ్యి దగ్గర ఎన్నైనా వేసుకోండి. రోడ్డు వైపు గ్యారేజీ తలుపు మీద మూడడుగుల బొమ్మ మాత్రం ఒద్దు. చట్టం ఒప్పుకుంటుంది. ఆ ట్రాలీ పెద్దాయన కోసం ఒద్దంటున్నాను.

సార్, 2023 మార్చిలో మెల్‌బోర్న్ పార్లమెంటు మెట్ల మీద నాజీ సెల్యూట్ చేసినవాళ్లను పోలీసులు అరెస్టు చేయకుండా నిలబడి చూశారని చదివాను. చేతకాకనా, ఇష్టం లేకనా? అయినా ఒక చెయ్యి ఎత్తడాన్ని నేరం చేస్తే భావ ప్రకటన స్వేచ్ఛ సంగతేంటి? – లా విద్యార్థి, హనుమకొండ

బాబూ, నువ్వు చెప్పేది మార్చి 18 సంగతి. అప్పుడు నేను అక్కడే ఉన్నాను, టీవీలో చూశాను. ట్రాన్స్‌జెండర్ల హక్కులకు వ్యతిరేకంగా ఒక సభ, దానికి పోటీగా ఇంకో సభ. రెంటి మధ్యలోకి నల్ల దుస్తులు వేసుకుని దాదాపు ముప్పై మంది నియో నాజీలు, అంటే ఇప్పటికీ హిట్లర్‌ను కొలిచేవాళ్లు, దిగారు. పార్లమెంటు మెట్ల మీద వరసగా నిలబడి చేతులెత్తారు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. "మామయ్యా, మీరైతే ఏం చేసేవాళ్లు?" అన్నాడు మా అల్లుడు. "ఎత్తి వ్యానులో పడేసేవాణ్ణి" అన్నాను. పక్క గదిలోంచి మా అమ్మాయి అడిగింది, "ఏ సెక్షన్ కింద నాన్నా?"

సరిగ్గా అక్కడే ఆ పోలీసులూ ఆగిపోయారు. అప్పటి చట్టంలో ఉన్నది గుర్తు ఒక్కటే, సెల్యూట్ లేదు. జెండా పట్టుకుంటే నేరం, చెయ్యి ఎత్తితే కాదు. వాళ్లకు తెలుసు కాబట్టే జెండా తేలేదు. ఇలాంటివాళ్లు చట్టాన్ని నీకంటే శ్రద్ధగా చదువుతారు. పోలీసుల మీద విమర్శలు బాగానే వచ్చాయి, కొన్ని న్యాయమైనవే. కానీ లేని నేరానికి అరెస్టు చేయలేదన్న విమర్శను నేను ఒప్పుకోను.

ఆ ఏడాది అక్టోబర్‌లో సెల్యూట్‌ను కూడా నేరం చేశారు. వారం తిరక్కుండానే, అక్టోబర్ 27న, ఒకడు కోర్టు భవనం బయట విలేకరుల ముందే చెయ్యి ఎత్తాడు. కేసు నడిచింది, 2024 నవంబర్‌లో నెల రోజుల జైలు శిక్ష పడింది. అప్పీలుకు వెళ్లాడు. మొత్తం దేశానికి వర్తించే కేంద్ర చట్టం 2024 జనవరి 8 నుంచి ఉంది. 2025 ఫిబ్రవరిలో దాన్ని బిగించి, కనీసం ఏడాది జైలు తప్పనిసరి చేశారు. ఇది నాకు మింగుడుపడలేదు. ముప్పై మందిని కూడగట్టినవాడికీ, తాగి ఒళ్లు తెలియక చెయ్యి ఎత్తిన పంతొమ్మిదేళ్ల కుర్రాడికీ తేడా చూసే వీలు జడ్జికి ఉండాలి. కనీస శిక్ష పెట్టినచోట ఆ తేడా పోలీసు స్టేషన్లోనే తేలుతుంది, కేసు రాయాలా ఒద్దా అన్న దగ్గర. స్టేషన్లో అది ఎలా తేలుతుందో నాకు తెలుసు కాబట్టే ఈ మాట.

ఇక నీ రెండో ప్రశ్న. 2024 సెప్టెంబర్ చివర్లో లెబనాన్‌లోని సాయుధ సంస్థ హెజ్‌బొల్లా నాయకుడు నస్రల్లా చనిపోయాక మెల్‌బోర్న్, సిడ్నీ ఊరేగింపుల్లో కొందరు ఆ సంస్థ జెండాలు, ఆయన ఫొటోలు పట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో అది ఉగ్రవాద సంస్థల జాబితాలో ఉంది. రాజకీయ నాయకులంతా అరెస్టులేవీ అని పోలీసుల మీద పడ్డారు. అప్పుడు ఫెడరల్ పోలీసులు ఒక ప్రకటన చేశారు: నిషేధిత గుర్తును చూపించడం ఒక్కటే కేంద్ర చట్టం కింద నేరం అయిపోదు, దాంతో పాటు ద్వేషం రెచ్చగొట్టడమో, హింసకు పురిగొల్పడమో, ఒక వర్గాన్ని బెదిరించడమో కూడా ఉండాలి అని. రెండు మూడు రోజులకు సిడ్నీలో పంతొమ్మిదేళ్ల అమ్మాయి మీద కేసు పెట్టారు, అది వేరే సంగతి. నాకు నచ్చింది ఆ ప్రకటన. పైనుంచి అంత ఒత్తిడి ఉన్నా, చట్టంలో ఏముందో అది చెప్పారు. నా సర్వీసులో అలాంటి పత్రికా ప్రకటన నేనైతే ఇవ్వలేదు.

కాబట్టి బాబూ, చెయ్యి ఎత్తడాన్ని నేరం చేయొచ్చు, ఆ చెయ్యి వెనక అరవై లక్షల మంది యూదుల చావు ఉంది. అయితే ఆ చట్టం ఇరుగ్గా ఉండాలి. ఎవరు, ఎక్కడ, ఎవరి మొహం మీద, ఏం ఉద్దేశంతో అన్నవి అందులో ఉండాలి. లేకపోతే ఏం జరుగుతుందో జర్మనీలోనే చూడు. వాళ్ల శిక్షాస్మృతిలో 86ఏ అని ఒక సెక్షన్ ఉంది, నాజీ గుర్తులు వాడితే మూడేళ్ల దాకా జైలు. స్టుట్‌గార్ట్ దగ్గర ఒకాయన నాజీ గుర్తు మీద అడ్డంగా గీత కొట్టిన బ్యాడ్జీలు, టీషర్టులు అమ్ముకునేవాడు, నాజీలకు వ్యతిరేకంగా. ఆయన మీదే ఆ సెక్షన్ పెట్టారు! కింది కోర్టు జరిమానా కూడా వేసింది. 2007 మార్చిలో వాళ్ల అత్యున్నత క్రిమినల్ కోర్టు కొట్టేసింది, వ్యతిరేకత అంత స్పష్టంగా కనపడుతుంటే నేరం ఎలా అవుతుందని. విక్టోరియా వాళ్లు నాజీయిజాన్ని వ్యతిరేకించేందుకు చూపిస్తే నేరం కాదని ముందే చట్టంలో రాసేసుకున్నారు.

డీఎస్పీ గారూ, మా అమెరికాలో నాజీ జెండాతో రోడ్డు మీదకొచ్చినా పోలీసులు ఏమీ అనరు, పైగా వాళ్లకే కాపలా కాస్తారు. ఇదేం న్యాయం? – డాలస్ నుంచి ఒక పాఠకుడు

1977లో షికాగో పక్కన స్కోకీ అనే ఊళ్లో ఇదే గొడవ. హిట్లర్ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదులు ఎంతోమంది ఉన్న ఊరు అది. ఏరికోరి అక్కడే ఊరేగింపు చేస్తామని ఒక చిన్న నాజీ గుంపు బయల్దేరింది. వాళ్ల తరఫున కోర్టులో వాదించిన పౌర హక్కుల సంఘం లాయరు స్వయంగా యూదుడు. కేసు గెలిచాడు, సంఘం మాత్రం వేలాది మంది సభ్యుల్ని పోగొట్టుకుంది. చివరికి ఆ గుంపు స్కోకీకి రానే లేదు, షికాగోలో సభ పెట్టుకుని సరిపెట్టుకుంది.

మీ దేశం గీత ఇంకా కిందకి గీసింది, అంతే. గీత లేకపోలేదు. 2003లో మీ సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, భయపెట్టాలన్న ఉద్దేశంతో మండే శిలువ పాతితే శిక్షించవచ్చని. నల్లవాళ్ల ఇళ్ల ముందు కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ల ఆధిపత్య ముఠా చేసేది అదే కదా. ఎవరి పద్ధతి గొప్పదని నన్ను తీర్పు అడిగితే, నేను జర్మనీలో పుట్టి ఉంటే జర్మనీ చట్టమే కావాలంటాను. వాళ్ల ఇంట్లో తగలబడిన మంట అది.

రిటైర్డ్ టీచర్ని. మా వీధిలో ఒక పండగకు వీళ్ల ఊరేగింపు వాళ్ల ప్రార్థనా మందిరం ముందు ఆగుతుంది, డీజే పెంచుతారు, జెండాలు ఊపుతారు. ఇంకో పండగకు వాళ్లూ అంతే. విదేశాల్లో లాగా ఏ జెండా, ఏ పాట, ఏ నినాదం నిషేధమో పోలీసులే ఒక జాబితా చేస్తే పోదా? – కర్నూలు

మాస్టారూ, ఆ జాబితా మాత్రం మా చేతికివ్వకండి. ఎందుకో చెబుతాను, కాస్త సిగ్గుపడుతూనే.

1996 డిసెంబర్. ఒక జిల్లా కేంద్రంలో నేను ఎస్సైని. పెద్దాయన ఒకరి పర్యటన, విద్యార్థి సంఘాలు నల్లజెండాలు చూపిస్తాయని సమాచారం. "రూటు మీద నలుపు కనపడకూడదు" అని వైర్‌లెస్ సెట్టులో ఆర్డరు. నేను కొత్త ఉత్సాహంలో ఉన్నాను. నల్ల చొక్కా, నల్ల గొడుగు, నల్ల చున్నీ, ఏది కనపడితే అది పక్కకు లాగించాను. పదకొండు గంటలకల్లా స్టేషన్ వరండాలో పద్నాలుగు మంది. వాళ్లలో ఆరుగురు అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు! మండల దీక్ష రోజులని నాకు స్ఫురించనే లేదు. మా రైటరు హెడ్ కానిస్టేబుల్ చెవిలో చెప్పాడు, "సార్, పంచెలు కూడా నల్లవే, విప్పించమంటారా?" అని. గురుస్వామి కోప్పడలేదు. "స్వామీ, పన్నెండున్నరకు బిక్ష ఉంది, ఆలోపు వదిలేస్తే చాలు" అన్నాడు. నల్లబట్ట వాళ్ల ఒంటి మీద ఒకటి, కర్రకు కడితే ఇంకొకటి, కోర్టులో లాయరు భుజాన మరొకటి. ఆ పొద్దున నా కళ్లకు అన్నీ ఒకటే.

స్వాముల్ని పంపేశాను. మిగిలిన వాళ్లలో నిజంగా నల్లజెండా దాచుకున్నవాడు ఒక్కడే, డిగ్రీ కుర్రాడు. వాణ్ణి 151 కింద, అంటే ముందస్తు అరెస్టు కింద, రాత్రంతా ఉంచి మర్నాడు మేజిస్ట్రేటు ముందు పెట్టాను. ఆయన కాగితం చూసి, "వీడు చేయబోయిన కాగ్నిజబుల్ నేరం ఏ సెక్షన్ కిందకొస్తుంది ఎస్సై గారూ?" అన్నారు. కాగ్నిజబుల్ అంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయగల నేరం. నల్లజెండా చూపడం నేరమని ఏ సెక్షన్‌లోనూ లేదు. 1928లో సైమన్ కమిషన్‌కు మనవాళ్లు నల్లజెండాలు చూపితే గర్వంగా పాఠాల్లో చదువుకున్నాం, నేనూ చదివాను. బదులు చెప్పలేక సెల్యూట్ కొట్టి నిలబడ్డాను. కుర్రాణ్ణి వదిలేశారు. ఆ పూట పరీక్ష ఒకటి పోయింది వాడికి.

సుప్రీంకోర్టు మాటా చెప్పనివ్వండి. 1984 అక్టోబర్ 31, ఇందిరా గాంధీ హత్య జరిగిన రోజు. చండీగఢ్‌లో ఒక సినిమా హాలు దగ్గర ఇద్దరు ప్రభుత్వోద్యోగులు ఖలిస్తాన్ నినాదాలు చేశారు, ఒకటి రెండు సార్లు. అరెస్టు, కేసు, శిక్ష. 1995లో సుప్రీంకోర్టు వాళ్లను వదిలేస్తూ ఏమందంటే, ఆ నినాదాలకు జనం స్పందించలేదు, ఎవరూ కదల్లేదు, గొడవ అంటూ వస్తే ఆ అరెస్టు వల్లే వచ్చి ఉండేదని. నేనప్పటికి సర్వీసులోనే ఉన్నాను. ఆ తీర్పు గురించి ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు, ఏడాది తర్వాత నేను చేసిందేమో పైన రాశాను.

మరి ద్వేషాన్ని ఊరికే వదిలేయాలా అంటారు. వదలక్కర్లేదు. మతం, కులం, భాష పేరిట వర్గాల మధ్య శత్రుత్వం పెంచితే భారతీయ న్యాయ సంహిత 196 ఉంది, పాత ఐపీసీలో 153ఏ. మూడేళ్ల దాకా జైలు, ప్రార్థనా స్థలంలో అయితే ఐదేళ్లు. కాకపోతే దాన్ని నిరూపించాలి. 1997లో ఒక హైదరాబాద్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది, ఒక వర్గాన్ని ఇంకో వర్గం మీదకు ఉసిగొల్పినట్టు ఉండాలి, ఇందులో కనీసం రెండు వర్గాలు ఉండాలి అని. 2025 మార్చిలో ఒక కవిత మీద పెట్టిన కేసు కొట్టేస్తూ ఇంకా వివరంగా చెప్పింది: మాటను తూచేటప్పుడు గట్టి మనసున్న మామూలు మనిషి ఎలా తీసుకుంటాడో చూడాలి, ప్రతిదానికీ ఉలిక్కిపడేవాడి కొలత పనికిరాదని. ఇలాంటి మాటల కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందే డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరపొచ్చని కూడా గుర్తు చేసింది. నిషేధిత సంస్థల జెండాలది వేరే చట్టం, అది కలపను.

మీ వీధి సంగతికి వస్తే, బందోబస్తులో ముదిరినవాళ్లు జెండా వైపు చూడరు, బండి చక్రం వైపు చూస్తారు. మందిరం దగ్గర చక్రం ఆగకూడదు. అంతే. ఆగిందంటే పాట పెరుగుతుంది, పాట పెరిగితే మేడ మీద నుంచి ఎవడో ఒకడు తొంగి చూస్తాడు. ఊరేగింపు లైసెన్సులో దారి, టైము, బాక్సుల సంఖ్య ముందే రాయించాలి. పోలీసులకు ఆ అధికారం 1861 నాటి పోలీసు చట్టం నుంచీ ఉంది, హైదరాబాద్‌లో అయితే 1348 ఫసలీ, అంటే 1939 ప్రాంతపు నిజాం కాలపు చట్టం ఇప్పటికీ నడుస్తోంది. నమాజు వేళ, హారతి వేళ తప్పించి దారి ఇవ్వాలి. మందిరానికి యాభై గజాల ముందు నుంచే రోప్ పార్టీ, అంటే తాడు పట్టుకున్న పోలీసు జట్టు, బండిని ముందుకు నడపాలి. పైనున్న ఇళ్ల యజమానులతో ముందు రోజే కూర్చుని టీ తాగి రావాలి, ఇటుక ముక్కలు ఏమైనా ఉంటే దించమని. ఇవన్నీ ఏ నినాదమూ, ఏ రంగూ అడగని ఏర్పాట్లు. వీళ్ల పండక్కి పెట్టిన షరతే వాళ్ల పండక్కీ అక్షరం పొల్లుపోకుండా పెట్టాలి, లేదంటే మీ వీధివాళ్లే ముందు పట్టేస్తారు. అలా నడిపినా ఎవడైనా మైకులో ఫలానా వాళ్లను నరకండి అన్నాడనుకోండి, వాణ్ణి అక్కడ మీద పడి లాగకూడదు. వీడియో తీయించి, ఊరేగింపు ముగిశాక, తెల్లారి వాడి ఇంటికెళ్లి తీసుకురావాలి. జనంలోంచి ఒకణ్ణి లాగితే వందమందితో తగువు.

మీ ఊళ్లో శాంతి కమిటీ ఉంటే మీరు చేరండి మాస్టారూ. మీ దగ్గర చదువుకున్నవాళ్లు రెండు ఊరేగింపుల్లోనూ ఉండే ఉంటారు.

దిష్టిబొమ్మ తగలబెట్టడం నేరమా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి. – కామారెడ్డి

దిష్టిబొమ్మ అని పేరు పెట్టి శిక్ష వేసే సెక్షన్ నా సర్వీసులో నాకు తగల్లేదు. రోడ్డు ఆపడం, జనం మధ్యలో పెట్రోలు పోసి నిప్పు పెట్టడం, నిషేధాజ్ఞలు దాటడం, వీటికి మాత్రం సెక్షన్లు బోలెడు. అందుకే మా వాళ్లు అంటించేలోపే బొమ్మను లాక్కుని జీపులో వేసుకుని పారిపోతుంటారు. నేనూ పారిపోయాను, మూడుసార్లు. ఒకసారి బొమ్మకు కాళ్ల దగ్గర అప్పటికే అంటుకుందని సగం దూరం వెళ్లాక తెలిసింది. జీపు వెనక సీటు కాలిన ఖర్చు నా జీతంలో కోశారు.